పెద్ద బాజాలకు డిస్కో నేర్పిన మేస్టారు

మా పైవాటాలోకి ఈమధ్య ఒక కుర్రాడు దిగాడు. ఏదో కంప్యూటరు ఉద్యోగం. సాయంత్రం ఇంటికి రాగానే పాటలు పెడతాడు. పాట మాకు వినపడదు. పాడేవాడి గొంతూ రాదు, వయొలిన్లూ రావు. కింది దెబ్బ ఒక్కటే స్లాబు దిగి మా హాల్లోకి వస్తుంది. దుం, దూం, దుం, దూం. బీరువా మీద బోర్లించిన గ్లాసులు వాటిలో అవి మాట్లాడుకుంటాయి. మా ఆవిడ పట్టినన్నాళ్ళు ఓపిక పట్టి, "మీరెల్లి సెప్తారా, నన్నెల్లమంటారా?" అంది.

వెళ్ళాను. తలుపు తీసిన కుర్రాడు నా నెరిసిన తల చూసి, "సారీ అంకుల్, తగ్గించేస్తాను" అన్నాడు.

"తగ్గించకు నాయనా. ఆ కింది వరస ఏ వాయిద్యమో కనుక్కుందామని వచ్చాను."

"వాయిద్యం కాదంకుల్, కంప్యూటరే."

నాకు నవ్వొచ్చింది. మేస్టారు బతికుంటే ఆ కుర్రాణ్ణి అక్కడే కూర్చోబెట్టి, కంప్యూటరుకి ఊపిరితిత్తులు ఎక్కడున్నాయో చూపించమని తగువు వేసుకునేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అప్పటికి నేను మద్రాసు పోర్టుకి మారిపోయాను, సెలవు దొరక్క అక్కడే డ్యూటీలో ఉండిపోయాను. అందుకేనేమో, ఆయన పోయారన్న సంగతి నా బుర్రకి తెలుసు గాని చెవులకి ఇంకా తెలీదు. ఎక్కడ కింది దెబ్బ వినపడ్డా తల అటు తిరుగుతుంది.

మేస్టారంటే బడి మేస్టారు కాదు, బ్యాండు మేస్టారు. వన్‌టౌన్‌లో చర్చి వెనక సందులో ఇల్లు. ముందుగదే మేళం ఆఫీసు. మేకులకి ఎర్రకోట్లు, వాటి మీద జరీ టోపీలు, మూల డ్రమ్ములు. ఆయనకి ఒక పేరుండేది. అది రాస్తే ఆయన్ని బాగా ఎరిగినవాళ్ళు కూడా ‘ఎవరబ్బా?’ అంటారు కాబట్టి రాయను. ఆయన మాత్రం ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. పోర్టు ఆఫీసరు గారి దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరూ బావలే. పాస్టరు గారిని కూడా ఒకసారి ప్రార్థన మధ్యలో బావా అనేశారు. పాస్టరు గారు ఆమెన్ కాస్త తొందరగా చెప్పారు.

మనిషి పొట్టి. క్లారినెట్‌కి మూతి దగ్గర పెట్టే వెదురు రీడు ఒకటి ఎప్పుడూ బుగ్గన నానుతూ ఉండేది, మా ఊరి ముసలమ్మల చుట్టలాగ. మాటలన్నీ దాన్ని దాటుకుని పక్కనుంచి వచ్చేవి. ప్రార్థనకీ, తిట్టడానికీ మాత్రం బయటికి తీసేవారు. ముందు పళ్ళ మీద ఆయనకున్న జాగ్రత్త ఇంతా అంతా కాదు. "పళ్ళు నావి కావు బావా, క్లారినెట్టువి" అనేవారు. పెళ్ళివారు పొట్లం కట్టి ఇచ్చిన జంతికల్ని టీలో నానబెట్టుకు తినేవారు. చూసేవాళ్ళు మొహం తిప్పుకునేవారు, ఆయనకి మాత్రం అదే అమృతం.

పై స్థాయి అంటే ఆయనకి పడేది కాదు. లౌడ్‌స్పీకర్లో ఎవరైనా గొంతెత్తి తారస్థాయిలో రాగం తీస్తే, ఎండ తగిలినట్టు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. కింది స్వరం వింటే అరచెయ్యి పొట్ట మీద వేసుకునేవారు. చెవితో కాక పొట్టతో వినే మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

నాది ఆనందపురం పక్క వ్యవసాయం ఇల్లు. పోర్టులో క్రేను నడిపే ఉద్యోగం వచ్చి, వన్‌టౌన్‌లో ఆయన ఇంటి ఎదురుగా గది తీసుకున్నాను. రోజూ వినీ వినీ ఒకనాడు "నాకూ నేర్పండి" అన్నాను. ఆయన నా పళ్ళు చూసి ఒప్పుకున్నారు.

ఇక పెద్ద బాజాల సంగతి. ఏదో విదేశీ ఓడ మరమ్మతుకి వచ్చి, ఇక తేలదని తేలిపోయి, ఇక్కడే ముక్కలైంది. అందులో సామాను వేలం వేశారు. జనమంతా ఫ్యాన్లకీ, సోఫాలకీ ఎగబడితే మేస్టారు నల్లటి పొడుగు పెట్టెలు రిక్షాలో వేసుకొచ్చారు. మామూలు క్లారినెట్ మూరన్నర ఉంటుంది, పెళ్ళి ఊరేగింపుల్లో కీచుగా పలికేది అదే. పెట్టెల్లో ఉన్నవి దాని పెదనాన్నలు. రెండు మరీ పెద్దవి, నిలబెడితే మేస్టారి గడ్డానికి వచ్చేవి. రెండు నడిపివి. అడుగున ఇత్తడి మూతి పైకి తిరిగి ఉండేది. చూసినవాళ్ళు సాక్సోఫోన్ అనేవారు. అలా అన్నవాళ్ళతో మేస్టారు ఆ పూటకి మాట్లాడేవారు కాదు.

పెద్దవి ఊదడానికి ఛాతీ ఉన్న మనుషులు కావాలి. ఒకడు డేనియలు, మేస్టారి మేనల్లుడు. ఇంకొకడు సింహాచలం. స్టీలు ప్లాంటుకి ఊరు పోగొట్టుకున్న కుటుంబం వాడిది. ప్లాంటు కడుతున్నచోటే వెల్డింగు పనిలో ఉండేవాడు. నడిపివి మేస్టారూ, నేనూ. అలా నలుగురం.

ఆ నాలుగూ కలిపి కింద పలికితే ఎలా ఉండేదో నేను చెప్పలేను. చర్చి గోడకి వీపు ఆనించి వింటే గోడ గొణిగేది. పెళ్ళివారు మాత్రం వద్దన్నారు. "ఇదేటి మేస్టారూ, పెళ్ళికొడుక్కి జొరమొచ్చినట్టుంది, సన్నవి ఊదించండి" అనేవారు. అంతలో వన్‌టౌన్‌లో ఒక పెద్దమనిషి పోయాడు. సమాధుల తోట దాకా మేస్టారు ఈ నాలుగింటినీ నడిపించారు. ఇంట్లో రెండు రోజులుగా రాయిలా కూర్చున్న ఆ పోయినాయన భార్య, వీధిలోకి వచ్చి ఆ కింది స్వరం వినగానే బావురుమంది. ఆ మర్నాటి నుంచి ఎవరింట్లో ఎవరు పోయినా, హిందువులైనా క్రైస్తవులైనా, "ఆ పెద్ద బాజాలు రావాల" అని కబురు. పేరు రావడం సుళువే, అది వదలడమే కష్టం. నాలుగు క్లారినెట్లకీ శవం బాజాలని పేరు స్థిరపడిపోయింది.

మా అమ్మ ఊరినుంచి వచ్చి, "పోర్టులో బంగారంలాటి ఉద్యోగం సేసుకుంటా, శవాల ముందర ఊదుతావేట్రా?" అని దండకం చదివింది. సింహాచలం పెట్టె పట్టుకుని బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అయ్యేది. వాడికి సంబంధాలు వచ్చినట్టే వచ్చి చెదిరిపోయేవి. ఒక పిల్ల తండ్రి మొహం మీదే చెప్పాడు: "నువ్వు గుమ్మంలోకి వొత్తే మా ఆడోల్లు బెంగెట్టుకుంటారు నాయనా." మేస్టారు ఇంట్లో సాధన చేస్తే ఇరుగుపొరుగు బయటికొచ్చి, ఎవరు పోయారని అడిగేవారు. ఎవరూ పోలేదంటే నమ్మేవారు కాదు.

ఒకసారి ఆయన నాతో అన్నారు. "ఈటికి నవ్వడం రాదనుకుంటన్నారు బావా జనం. ఈటికి రాకేటి? నానే నేర్పనేదు."

అప్పటినుంచి ఆయనకి ఒకటే పట్టుదల. ఒక్క పెళ్ళిలో, ఒక్కసారి, ఈ నాలుగూ కలిసి జనాన్ని ఆడించాలి. ఎలాగన్నది మాత్రం తెలీదు.

దారి డిస్కో చూపించింది. ఎనభైల మొదట్లో ఊరంతా దానికి ఊగిపోయింది. అది మన ఊరికి సినిమాల కంటే ముందు ఓడలోనే వచ్చిందని మేస్టారి వాదన, ఎందుకంటే ఆయన విన్న క్యాసెట్టు ఎవరో నావికుడు అమ్ముకుపోయింది. పూర్ణా మార్కెట్ దగ్గర క్యాసెట్ల కొట్లో స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఆయన నిలబడిపోయారు. నేను పక్కనే ఉన్నాను.

"ఏటి తాతా, పెట్టికి జొరం సూత్తన్నావా?" అన్నాడు కొట్టువాడు.

మేస్టారు బుగ్గలోంచి రీడు తీశారు. తిడతారనుకున్నాను. "బావా, ఇందులో పాట పైన నేదు. కిందనుంది. మన పెద్దోల్ల ఇంట్లో ఉంది" అన్నారు. పెద్దోల్లంటే మా పెద్ద క్లారినెట్లు. ఆయన కళ్ళలో నీళ్ళు. డిస్కోకి ఏడ్చిన మనిషి ఈ భూమండలం మీద ఆయనొక్కరే అయి ఉండాలి.

డిస్కో డ్రమ్ము దెబ్బ కూడా ఆయనకి తెగ నచ్చింది. "నాలుగు దెబ్బలూ ఒకే ఎత్తు. మన మార్చింగు పాటల్లో మొదటి అడుగు దొర, మిగతాయి కూలోల్లు. ఇందులో దొర నేడు సూడు" అని మురిసిపోయేవారు.

ఇక పాట కట్టడం మొదలైంది. మొదటి అడుగులోనే బోర్లా పడ్డాం. డిస్కోకి అడుగున ఒక గమ్మత్తుంది. కింది సా, పై సా, మళ్ళీ కింది సా, పై సా. గిటారు మీద అది పిల్లలాట, క్లారినెట్ మీద ప్రాణసంకటం. పిల్లనగ్రోవిని కాస్త గట్టిగా ఊదితే అదే స్వరం పైన పలుకుతుంది. క్లారినెట్‌ది వంకరబుద్ధి. వెనక మీట నొక్కి ఊదితే పై సా దాటిపోయి ఆ పైన పంచమం మీద తేలుతుంది. పై సా కావాలంటే వేళ్ళన్నీ ఒక్కసారి చోటు మారాలి. ఆ వేగంలో అదేపనిగా మారడం మనిషి వల్ల కాదు. సింహాచలం పంతానికి పోయి ప్రయత్నిస్తే, పెద్ద క్లారినెట్ తోక తొక్కిన కుక్కలా కుయ్యిమంది. మేస్టారు చాలా రోజులు దిగులుగా తిరిగారు. జంతికలు కూడా నానబెట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం నేనూ ఆయనా సందు మలుపు తిరుగుతున్నాం. అరుగు ముందు ఇద్దరు ఆడవాళ్ళు మిరపకాయలు దంచుతున్నారు. ఒకటే రోలు, రెండు రోకళ్ళు. ఒకటి లేచేసరికి ఇంకొకటి దిగుతోంది. అందులో ఒకావిడ దారిన పోయే చేపలమ్మితో బేరం కూడా ఆడుతోంది, పోటు మాత్రం తప్పడం లేదు. మేస్టారు ఆగిపోయారు. కారం ఘాటుకి తుమ్ముతున్నారు, ముక్కు కారుతోంది, కదలరు.

"ఏటి బాబూ, ఆడోల్లు కారం దంచతంటే అలగ సూత్తన్నావు? పని నేదేటి?" అందావిడ.

"దంచండమ్మా, ఆపీకండి. నా పాట మీ రోట్లో ఉన్నాది."

"పిచ్చోడే," అని రెండో ఆవిడతో చెప్పి ఆవిడ పోటు వేసింది. మేస్టారు నా జబ్బ పట్టుకుని ఊపేశారు. "ఒక్కడు ఎక్కి దిగక్కర్నేదు బావా! డేనియలు కిందే ఉంటాడు, సింహాచలం పైనే ఉంటాడు. ఒకడు లేసేసరికి ఒకడు దిగాల. అంతే!"

అంతే. నాలుగు నెలల తలనొప్పి ఒక రోట్లో నలిగిపోయింది. ఇద్దరూ చెరో స్వరం పట్టుకుని ఒకరి వెనక ఒకరు పోటు వేస్తుంటే, వినేవాడికి ఒకే మనిషి ఎగిరి దూకుతున్నట్టుంటుంది. ఆ పైన నేను పొట్టి పొట్టి స్వరాలు పోపు గింజల్లా చిటపటలాడించాలి. అన్నిటి మీదా మేస్టారి నడిపిది పాట పాడుతుంది. నాలుగూ కింది స్థాయిలోనే. ఒక్క స్వరం కూడా ఎండలోకి రాకూడదు.

ఆయన కాగితం మీద రాసేవారు కాదు. రాస్తే పాట పడుక్కుంటుందని నమ్మకం. తోచిన ముక్కని తోచినవాడి దగ్గర దాచేవారు. మధ్యాహ్నం భోజనం వేళ పోర్టు గేటు దగ్గరికి వచ్చి, నన్ను పిలిపించి, నా చెవిలో ఒక వరస కూనిరాగం తీసి, "దాసుకో" అని వెళ్ళిపోయేవారు. గేటు కాపలావాళ్ళకి అదొక వేడుక. సింహాచలం కోసం బస్సు మారి స్టీలు ప్లాంటు కడుతున్నచోటుకి వెళ్ళేవారు. ఎర్రదుమ్ములో నిలబడి, చేతులు రోకలిలా ఆడిస్తూ, "నువ్వు పైనుండు. ఆడు దిగీదాకా లెగవకు" అని దుం దూం పాడి చూపిస్తుంటే, వెల్డర్లు మొహాల మీది అద్దాలు పైకెత్తి చూసేవారట. సింహాచలం సిగ్గుతో చచ్చిపోయేవాడు, అయినా వరస మరిచిపోలేదు.

సాధన ఇంట్లో చేస్తే సందంతా పరామర్శకి వస్తుంది కాబట్టి, ఆదివారాలు సముద్రం ఒడ్డుకి పోయేవాళ్ళం. మొదట మేస్టారు అడుగు స్వరం పట్టేవారు. మేం ముగ్గురం అందులో కలిసి శవయాత్రల్లో ఊదే సమాధి పాట మొదటి వరస నిదానంగా ఊదేవాళ్ళం. ఎన్నో ఏళ్ళుగా మా శ్రుతి కలుపుకునే పద్ధతి అదే. మాకది పాట అన్న సంగతే మరుపు. రీడులు వేడెక్కి, నాలుగు గొంతులూ ఒకటయ్యాక డిస్కో ఎత్తుకునేవాళ్ళం. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు మొదట నవ్వారు. తరవాత ఒక ముసలాయన వల అల్లే చేతిని మా దెబ్బకి కలిపాడు. మేస్టారు ఆ రాత్రి నిద్రపోలేదని వాళ్ళ ఆవిడ చెప్పింది.

పాట సిద్ధం, పెళ్ళి లేదు. ఏ పెళ్ళివారిని అడిగినా చేతులు జోడించేవారు. అప్పుడే సింహాచలానికి తగరపువలసలో సంబంధం కుదిరింది. పిల్ల పేరు పైడితల్లి. తండ్రి జూట్ మిల్లులో పనివాడు, తల్లి లేదు. ఆ తల్లి పోయినప్పుడు ఆ ఇంటి నుంచి ఏటి దాకా ఊదుకుంటూ నడిచింది మేమే. ఆ సంగతి వాళ్ళూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

"మన పెద్దోల్లకి దేవుడిచ్చిన పెల్లి ఇదే," అన్నారు మేస్టారు. "ఆల్ల కుర్రోడి పెల్లికి ఆల్లు రాకపోతే ఎలగ?"

"ఆ ఇంటికే వీటిని తీసుకెళ్తారా? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టే ఉంటుంది మేస్టారూ. సన్నవి కూడా పట్టుకెళదాం, అవసరానికి ఉంటాయి" అన్నాను.

ఆయన రీడు తీశారు. "సన్నవుంటే సన్నవే ఊదమంటారు. ఈటినే పట్టుకెల్దాం. ఊదితే ఈటినే ఊదుదాం."

పెళ్ళికొడుకు ఊదడు కాబట్టి సింహాచలం పెద్ద క్లారినెట్ మేస్టారే తీసుకోవాలి, పాట నేను ఎత్తుకోవాలి. అలాగే సాధన చేశాం. ఆయన ఊపిరి చివర్లో పలచబడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. చెప్తే వింటారా?

తగరపువలసలో విడిది బడిలో ఇచ్చారు. పొద్దుగూకే వేళ, పెట్రోమాక్సులు వెలుగుతుండగా, పూలు కట్టిన జీపులో సింహాచలం ఎక్కాడు. నుదుట బాసికం, మెడలో దండ, మొహం నిండా భయం. మేం ఎర్రకోట్లతో రోడ్డు మీద బారు తీరాం. మేస్టారు అడుగు స్వరం పట్టారు. మేం కలిశాం. నోళ్ళూ వేళ్ళూ వాటంతటవే సమాధి పాట మొదటి వరస ఊదేశాయి.

మాలో ఒక్కరికీ తట్టలేదు. అది శ్రుతి, అంతే!

వీధికి మాత్రం తట్టింది. మూల కిరాణా కొట్టువాడు తలుపు చెక్కలు సగానికి దించాడు. శవం వెళ్ళేటప్పుడు కొట్లు అలా సగం మూయడం అక్కడి మర్యాద. వాణ్ణి చూసి బట్టలకొట్టు, బట్టలకొట్టుని చూసి మందులషాపు. టీకొట్టు బల్ల మీద ముసలాయన తలపాగా తీసి లేచి నిలబడ్డాడు. బస్సు ఇంజను ఆపేశాడు డ్రైవరు. ఎదురుకోలుకి పళ్ళేలతో వస్తున్న పెళ్ళివారిలోంచి పైడితల్లి మేనమామ పరుగున వచ్చి, "ఎవరు పోనారు బాబూ?" అని నన్నే అడిగాడు. అడిగాక జీపు చూశాడు, జీపులో పెళ్ళికొడుకుని చూశాడు. ఆయన మొహం మారిన తీరు ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టే ఉంది.

ఆయన వెనకే పైడితల్లి మామ్మ వచ్చింది. తండ్రి తల్లి. ఆవిడ మా పెద్ద క్లారినెట్లని గుర్తుపట్టింది. "ఈల్లే! నా కోడల్ని సాగనంపినోల్లు ఈల్లే! నా మనవరాలి పెల్లికి శవం బాజాలు తెత్తారేట్రా? మీ సేతులిరిగిపోనూ!" అని గుండె బాదుకుంది.

పెళ్ళికూతురి తండ్రి నెమ్మదస్తుడు. మేస్టారి దగ్గరికొచ్చి, "ఆటిని పెట్టిలో ఎట్టీండి బాబూ. సన్నవి తీయండి" అన్నాడు.

"తేనేదు బాబూ," అన్నారు మేస్టారు.

"ఐతే మేళం నేకుండానే నడుద్దారి."

మేస్టారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. అంత చిన్నగా ఆయన ఎప్పుడూ కనపడలేదు. నాకు ఆయన మీద కోపం, నా మీద కోపం, ఆ మాయదారి శ్రుతి మీద కోపం. "బాబూ, తప్పు నాదే. ఈటికి ఏ పాపం తెల్దు. నా సేత ఏడుపులే ఊదినాయి ఇన్నాల్లూ. ఒక్కసారి నవ్వు ఊదుతాయి, ఇనండి. నచ్చకపోతే అన్నం కూడా ముట్టకండా ఎల్లిపోతాం."

ఆ తండ్రి అటూ ఇటూ చూశాడు. అన్నం ముట్టకుండా అన్న మాటకి కాస్త చలించినట్టున్నాడు. "కానీండి" అన్నాడు.

మా మేళం డ్రమ్మువాడు నాలుగు దెబ్బలు వేశాడు. డేనియలు కింద పోటు వేశాడు, మేస్టారు పైన లేచారు. దుం, దూం, దుం, దూం. నేను పాట ఎత్తుకున్నాను. మొదటి వరస సగం గాలే వచ్చింది. ఎవరూ కదల్లేదు. రెండోసారి తిరిగేసరికి టీకొట్టు ముసలాయన మడమ నేలకి తగులుతోంది. ఆయనకే తెలీదు పాపం, తలపాగా ఇంకా చేతిలోనే ఉంది. మిల్లు షిఫ్టు దిగి వస్తున్న ఆడవాళ్ళు ఆగారు. ఒకమ్మాయి క్యారియరు పక్కదానికి ఇచ్చి భుజాలు కదిపింది. కిరాణావాడి చెక్క ఒకటి పైకి లేచింది, సందులోంచి మొహం కనపడింది. బస్సులో వాళ్ళు కిటికీ కమ్మీల మీద దరువేశారు. కుర్రాళ్ళు సరేసరి, వాళ్ళకి నెపం దొరికితే చాలు. చూస్తుండగా వీధి కాళ్ళ మీద లేచింది. ఆడుతున్నారు! మా పెద్ద బాజాలకి మనుషులు ఆడుతున్నారు! నాకు ఊదుతూనే నవ్వొచ్చి స్వరం వణికింది.

అంతలో పోటు తప్పింది. మేస్టారి ఊపిరి అందలేదు. పైనుండాల్సిన దెబ్బ చోట గాలి బుసబుసమంది. రెండో రోకలి ఆగితే మొదటిది ఒంటరిగా ఎంతసేపు దంచుతుంది? ఆడేవాళ్ళ కాళ్ళు తికమకపడ్డాయి. మేస్టారి మొహం నల్లబడింది.

జీపులోంచి సింహాచలం దూకాడు. పెద్దలు "ఒరే ఒరే, పెల్లికొడుకు దిగకూడదు" అంటుండగానే వచ్చి, మేస్టారి మెడలోంచి పట్టీ తీసి తన మెడలో వేసుకున్నాడు. దండా, పట్టీ చిక్కుపడ్డాయి. బాసికం ఒక కంటి మీదికి జారింది. అలాగే డేనియలు దెబ్బ దిగేదాకా ఆగి, పై పోటు ఎత్తుకున్నాడు. వీధి కేకపెట్టింది. మేస్టారు పెట్టెలోంచి తన నడిపిది తీసుకుని పాటలో కలిశారు. ముగ్గురం మళ్ళీ నలుగురమయ్యాం. అలా పెళ్ళికొడుకు తన మేళం తనే వాయించుకుంటూ అత్తారి గుమ్మానికి చేరాడు. మామ్మ మాత్రం ఎడమొహం పెట్టుకునే నడిచింది.

మా వెంట వచ్చిన జనంతో పందిరి ముందు ఆట మంచి జోరు మీదుండగా గుమ్మంలోకి పైడితల్లి వచ్చింది. పెళ్ళికూతురు అలా రాకూడదు. పసుపు చేతులతో ద్వారబంధం పట్టుకుని మేస్టారినే చూస్తోంది. ఆయన ఊదడం ఆపి దగ్గరికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. డేనియలూ, సింహాచలం పోటు ఆపలేదు.

"మేస్టారూ, మా అమ్మకి ఊదినారు కదా. అదొక్కసారి ఊదండి."

"నోర్ముయ్యే! పెల్లిపూట ఏటా మాటలు?" అంది మామ్మ.

"అమ్మ ఆ పాటతోనే ఎల్లిపోనాది మామ్మా. ఈ పూట ఇంకే పాటకి వొత్తాది?"

నాకు ఒళ్ళు మండింది. ఎన్నేళ్ళ పేరు అది! దాన్ని కడుక్కోవడానికి ఈయన తుమ్మీ, తిరిగీ, బతిమాలీ ఇంతదూరం వస్తే, కడిగిన కాసేపటికే మళ్ళీ అదే అడుగుతోంది ఈ పిల్ల. మేస్టారి వైపు చూశాను. ఆయన అరచెయ్యి పొట్ట మీద ఉంది. ఆ పిల్ల మాట ఆయన అక్కడే విన్నారు.

వెనక్కి తిరిగి, "మీరు దంచండి, ఆపీకండి" అని డేనియలుకీ, సింహాచలానికీ చెప్పారు. నాతో, "సమాధి పాట బావా. ఏడవకండా ఊదు" అన్నారు.

కింద డిస్కో దంచుతూనే ఉంది. దాని మీద సమాధి పాట నిదానంగా నడిచి వచ్చింది. ఆ వీధిలో ఆ పాట తెలియనివాళ్ళు లేరు. మొదటి వరసకి కాళ్ళు తడబడ్డాయి. చేతులు గాలిలో ఆగాయి. క్యారియరు అమ్మాయి తలెత్తి గుమ్మంలో నిలబడ్డ పైడితల్లిని చూసింది. చూసి, మళ్ళీ అడుగు వేసింది. ఆ వెనక ఇంకొకరు. తెలిసే ఆడారు. పైడితల్లి నవ్వుతోంది, చెంపలు తడిసిపోతున్నాయి. వాళ్ళ నాన్న పందిరి గుంజ పట్టుకుని, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మామ్మ కొడుకు వైపు చూసింది, మనవరాలి వైపు చూసింది. తరవాత కొంగు దోపుకుని ఆడేవాళ్ళ మధ్యలోకి వచ్చింది. రెండు చేతులతో జనాన్ని చెరోపక్కకి తోస్తూ కేకేసింది.

"నా కోడలొచ్చినాది. దారియ్యండర్రా!"

జనం పక్కకి జరిగారు. వీధి నుంచి గుమ్మం దాకా మనిషి పట్టేంత దారి పడింది. ఆ దారికి అడ్డంగా ఉన్నది మేస్టారొక్కరే. ఆయన ఊదుతూనే తల వంచి, ఒక అడుగు పక్కకి తప్పుకున్నారు.